అమ్మ వెయ్యి బీడీల లెక్క

మా గల్లీలో బీడీలు కాల్చే మగవాళ్లు బోలెడుమంది. చుట్టేవాడు ఒక్కడూ లేడు. సోలాపూర్ తూర్పు భాగంలో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్లను ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. మగవాళ్లు మగ్గాల షెడ్డుకు, ఆడవాళ్లు బీడీలకు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు గానీ, దాన్ని కాదన్నవాళ్లను నేను చూడలేదు.

మాది మహారాష్ట్రకు ఆగ్నేయపు కొస జిల్లా. అక్కల్‌కోట దాటి ఇంకాస్త పోతే కర్ణాటక. తాతల కాలంలో తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని కోసం, మిల్లుల కోసం వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, కూరగాయలమ్మే అవ్వతో కన్నడం. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ స్వామి రథం ఊరేగేది. ఆ రోజు ఇంటింటా బీడీల చాటలు గోడకు చేరేవి. మిగతా పండుగలకు ఆ భాగ్యం లేదు. దసరా రోజు కూడా పూజ అయ్యీ కాకముందే అమ్మ చాట ఒళ్లో పెట్టుకునేది.

బాపు జకార్డ్ మగ్గం మీద చాదర్లు నేసేవాడు. తెలుగు ఊళ్లలో షోలాపూర్ దుప్పటి అని ఇష్టంగా కప్పుకునేవి అవే. అంతకు ముందు తాత చేమగ్గం మీద చీరలు నేసిన రోజుల్లో అమ్మమ్మ కండెలు చుట్టేది, పెద్దమ్మ ఆసు పోసేది. చీర అమ్మిన డబ్బు తాత చేతికి వచ్చేది. కండెలకు, ఆసుకు వేరే లెక్క ఉండేది కాదు. అమ్మమ్మను ఎవరైనా "నువ్వేం పని చేస్తావు" అని అడిగితే "నాకేం పని, ఇంట్లోనే ఉంట" అనేది. పొద్దుగూకే దాకా రాట్నం తిప్పిన మనిషి చెప్పే మాట అది.

అమ్మ తరానికి వచ్చేసరికి కనీసం లెక్క మొదలైంది. వెయ్యి బీడీలకు ఇంత అని.

ఆ వెయ్యి ఎలా తయారయ్యేవో చెప్పాలి. బీడీ కార్ఖానా బ్రాంచి నుంచి తెచ్చిన తునికాకును రాత్రి నీళ్లలో తడిపి, తడి గోనెసంచిలో చుట్టి పెట్టేది అమ్మ. ఆకు ఆరిపోతే చిట్లుతుంది, మరీ తడిస్తే నల్లబడుతుంది. సంచి లోపలికి చెయ్యి పెట్టి చూసి, ఇంకో గుక్కెడు నీళ్లు చిలకరించాలా వద్దా అని నిద్రమత్తులోనే తేల్చేసేది. తెల్లవారుజామున పొయ్యి మీద చాయ్ పెట్టి, అది మరిగేలోపు ఆకులు ముందేసుకునేది. ఆకు మీద రేకు అచ్చు పెట్టి చుట్టూ కత్తెర తిప్పాలి. అంత పెద్ద ఆకులో పనికొచ్చేది ఒకటో రెండో ముక్కలే. మిగతాదంతా చెత్త. తర్వాత ముక్క మీద చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్ల మధ్య దొర్లించి, కొసన దారం చుట్టి ముడేసి, మూతి లోపలికి మడవాలి. మూతి మడవడం పిల్లల పని. బడి నుంచి రాగానే పలక పక్కన పడేసి దానికి కూర్చునేవాళ్లం. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. చెయ్యి తిరిగిన మనిషికి కూడా పూర్తిగా ఒక రోజు పని. మధ్యలో వంట, నీళ్లు, బట్టలు, చంటిపిల్ల ఉంటే చంటిపిల్ల. ఆ లెక్కన ఒక రోజు పని అంటే దీపాలు పెట్టాక కూడా మిగిలే పని.

సాయంత్రం బ్రాంచికి అమ్మ వెంట నేను పోయేదాన్ని. అక్కడ ఇనుప జాలీ కిటికీ, దాని వెనక గద్దె మీద బీడీలు పరీక్షించే చెకర్. ఆయన నోట మాట వచ్చేది కాదు. కట్ట తీసుకుని బొటనవేలితో ఒక్కసారి ఒత్తేవాడు. మెత్తగా తగిలితే తంబాకు తక్కువైందని, గట్టిగా తగిలితే ఎక్కువైందని పక్కకు విసిరేవాడు. ఆ పక్కకు పోయినదాన్ని ఛాట్ అనేవాళ్లు. అమ్మ ఆయన మొహం చూసేది కాదు, బొటనవేలు చూసేది. వరసలో ఆమె వెనక నిల్చున్న ఇరవై మంది ఆడవాళ్లూ అదే చూసేవాళ్లు. ఛాట్‌లో పోయిన బీడీలకు కూలి లేదు. పోనీ వాటిని మనకు తిరిగిస్తారా అంటే అదీ లేదు. అవి కూడా చివరికి ఎవరో కాల్చేవేనని మా పెద్దమ్మ ఖాయంగా చెప్పేది. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇంకో మెలిక ఉంది. ఇచ్చిన ఆకు వెయ్యికి సరిపోవాలి. చినిగిన ఆకు, పురుగు పట్టిన ఆకు అందులోనే వస్తుంది. తగ్గితే బజారుకు పోయి సొంత డబ్బుతో ఆకు కొని వెయ్యి నింపాలి. అంటే బోర్డు మీద రాసిన రేటు ఒకటి, చేతికి వచ్చేది ఇంకొకటి. ఆ తేడాను అమ్మ నోటితోనే కట్టేసేది. కాగితం మీద ఎప్పుడూ చూడలేదు.

కిటికీ వెనక చెకర్‌కు నెల పగారు ఉండేది. కట్టలు లెక్కపెట్టి బుట్టలో వేసేవాడికీ, భట్టీ దగ్గర బీడీలు వేడి చేసేవాడికీ, లేబుల్ అంటించి పొట్లాలు కట్టేవాడికీ ఏదో ఒక హాజరు పట్టీ ఉండేది. వాళ్లంతా మగవాళ్లు. అసలు బీడీ అనే వస్తువును తయారు చేసేవాళ్లకు మాత్రం హాజరు లేదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని కదా అనేవాళ్లు. ఆ మాట కార్ఖానాదారు అంటే అర్థం చేసుకోవచ్చు. బాపు కూడా అనేవాడు. బాపు మంచివాడే. అమ్మను ఒక్క మాట అనని మనిషి. కానీ వాన పడి షెడ్డుకు కరెంటు పోయిన వారం ఇల్లు ఏ డబ్బుతో నడిచిందో ఆయనకు తెలిసినా, "మా ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్నే" అని బంధువుల ముందు చెప్పేవాడు. అమ్మ సరిదిద్దేది కాదు. లోపల వంటింట్లో నా వైపు చూసి మూతి విరిచేది, అంతే.

మా ఎదురింట్లో అద్దెకుండే ఒక మరాఠీ ఆమె పల్లె నుంచి వచ్చింది. 1972 కరువులో సర్కారు పనికి పోయి కంకర కొట్టిన మనిషి. ఆమె, అమ్మ గుమ్మాల దగ్గర కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. కొట్టిన కంకర కుప్పను కొలిచి డబ్బు ఇచ్చేవాళ్లనీ, కుప్ప మగవాడిదా ఆడదానిదా అని చూసేవాళ్లు కాదనీ ఆమె చెప్తే అమ్మకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. తర్వాత 1977లో మహారాష్ట్ర ఉపాధి హామీ చట్టం వచ్చింది. దేశమంతటికీ అలాంటిది రావడానికి 2005 దాకా పట్టింది. కరువు పనికి దొరికిన గౌరవం కార్ఖానా పనికి దొరకలేదన్నమాట.

నేను డిగ్రీ అయ్యాక పరీక్ష రాసి బ్యాంకులో క్లర్కుగా చేరాను. మొదటి జీతం తెచ్చిన రోజు అమ్మ అడిగిన ప్రశ్న ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

"నీతోని చేరిన ఆ పిల్లగానికి ఎంతిస్తరు?"

"నాకెంతో వాడికీ అంతే."

"ఇద్దరికీ ఒక్కటేనా?"

"ఒక్కటే అమ్మా."

కాసేపు ఆలోచించి, "మరి వాడేమన్లేదా?" అంది.

నాకు ఆ సమానత్వం పుట్టుకతో వచ్చినంత తేలిగ్గా వచ్చింది. స్కేలు ఉంది, బేసిక్ ఉంది, డీఏ ఉంది. ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు. బ్యాంకు యూనియన్ వాళ్లు పుణెలో పెట్టిన ఒక క్లాసుకు పోయినప్పుడు అక్కడ ఒక లాయరమ్మ సమాన వేతన చట్టం గురించి చెప్పారు. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. ఎమర్జెన్సీ నడుస్తోంది. సెప్టెంబర్ 26న ఆర్డినెన్స్ తెచ్చారు, 1976లో చట్టం చేశారు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ సమానమైన పనికి సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39వ అధికరణంలో ముందే ఉంది, కానీ ఆదేశిక సూత్రాన్ని పట్టుకుని కోర్టుకు పోలేం కదా. ఈ చట్టం పట్టుకుని పోవచ్చు. బొంబాయిలో ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ పోయారు కూడా. మగ స్టెనోలకు ఎక్కువ, ఆడ స్టెనోలకు తక్కువ ఇచ్చేది ఆమె పనిచేసిన మెకినన్ మెకంజీ కంపెనీ. ఆడవాళ్లు పెద్ద ఆఫీసర్ల దగ్గర చేసే పని వేరని వాదించింది. ఇవ్వడానికి మా దగ్గర డబ్బు లేదనీ అంది. 1987లో సుప్రీంకోర్టు రెండూ ఒప్పుకోలేదు.

హాల్లో అందరం చప్పట్లు కొట్టాం. నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. లేచి అడిగాను. "మా ఊళ్లో బీడీలు చుట్టేది మొత్తం ఆడవాళ్లే మేడమ్. మగవాడే లేడు. మరి ఎవరితో సమానం?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. పుస్తకం తెరిచి చూపించారు. అదే పని, లేదా అదే తరహా పని చేసే మగవాడికంటే తక్కువ ఇస్తేనే ఈ చట్టం కింద తప్పు. పోల్చడానికి మగవాడు లేకపోతే చట్టానికి పని లేదు. డికోస్టా గెలిచిన అదే తీర్పులో ఆ మాట కూడా ఉందని చెప్పారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన నూరవ నంబరు ఒప్పందం ఇంకా విశాలంగా ఉంది. అందులో ఉన్నది సమాన విలువ గల పనికి సమాన వేతనం. మన దేశం దానికి 1958లోనే ఒప్పుకుంది. ఆ లెక్కన చూస్తే అమ్మ బీడీని బాపు చాదరుతో, చెకర్ బొటనవేలితో పక్కపక్కన పెట్టి తూచవచ్చు. మన చట్టం దగ్గరికి వచ్చేసరికి ఆ తూకం లేకుండా పోయింది.

అప్పటి నుంచి నా అభిప్రాయం మారలేదు. ఒక పనిలో మొత్తం ఆడవాళ్లనే నింపేస్తే సమాన వేతనం అనే మాటే అక్కడికి రాదు. మార్చి 8కి మా బ్యాంకు బ్రాంచిలో ముగ్గులు వేయించి, స్టీలు డబ్బాలు పంచేవాళ్లు. తీసుకునేదాన్ని. డబ్బా మంచిదే. కానీ ఆ రోజు మాట్లాడినవాళ్లెవరూ ఈ సంగతి ఎత్తేవాళ్లు కాదు.

అమ్మ వాళ్ల పోరాటం అందుకే వేరే దారిన నడిచింది. మగవాడితో సమానంగా ఇవ్వండి అని కాదు, ముందు మేము మీ పనివాళ్లమని ఒప్పుకోండి అని. 1966లోనే బీడీ కార్మికుల చట్టం వచ్చింది. ప్రావిడెంట్ ఫండును బీడీ పరిశ్రమకు 1977లో వర్తింపజేశారు. ఇంటి దగ్గర చుట్టేవాళ్లు మా ఉద్యోగులే కాదని కార్ఖానాదార్లు కోర్టుకెక్కారు. ఆ కేసు 1985లో సుప్రీంకోర్టులో తేలింది. సరుకు నువ్విస్తున్నావు, చుట్టినవి నీకే తెచ్చిస్తున్నారు, బాగాలేనిదాన్ని తిరగ్గొట్టే హక్కు నీ చేతిలో ఉంది, కాబట్టి అజమాయిషీ నీదే, వాళ్లు నీ పనివాళ్లే అని కోర్టు తేల్చింది. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఏ బొటనవేలు చూసి అమ్మ బెదిరిపోయేదో అదే సాక్ష్యమైంది.

తీర్పు కాగితం మీద ఉంది, బీడీ కార్మికురాలినని చెప్పే కార్డు చేతిలో లేదు. కార్డు ఉన్నవాళ్ల పేరు మీద లేనివాళ్లు చుట్టేవాళ్లు. మా చిన్నమ్మ చాలా ఏళ్లు అమ్మ పేరు మీదే చుట్టింది. ఆమె బీడీలకు పీఎఫ్ అమ్మ ఖాతాలో పడేది, అదీ పడితే. పుట్టింటి పేరుతో ఒక కార్డు, అత్తింటి పేరుతో ఇంకో కాగితం. ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు ఇదే తంటా. బ్యాంకులో నా కౌంటరు ముందుకు ఇలాంటివాళ్లు వచ్చేవాళ్లు. అఫిడవిట్లు ఎన్ని రాసిపెట్టానో.

మోర్చాలు, అంటే నిరసన ఊరేగింపులు, అప్పుడే ఎక్కువయ్యాయి. మా వైపు లాల్ బావటా, అంటే ఎర్రజెండా, యూనియన్ పేరు తెలియని ఇల్లు లేదు. దాని నాయకుడు నర్సయ్య ఆడం గారిని అందరూ ఆడం మాస్తర్ అనేవాళ్లు, ఇప్పటికీ అంటారు. కొంతసేపు మరాఠీలో, కొంతసేపు తెలుగులో మాట్లాడేవారు. తెలుగులోకి రాగానే మా గల్లీ ఆడవాళ్లు కొంగులు సర్దుకుని ముందుకు జరిగేవాళ్లు. అమ్మ మొదటిసారి మోర్చాకు పోతానన్నప్పుడు బాపు, "నలుగురిలో మనకెందుకు" అన్నాడు. అమ్మ వాదించలేదు. పొద్దున్నే రొట్టెలు చేసి, కూర చేసి, ఆ రోజు వాటా బీడీలకు ఆకు కత్తిరించి పెట్టి, చెప్పులు వేసుకుంది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, వెనక ఇంకో పదిహేను మంది. అంతమంది ముందు బాపు ఏమంటాడు? "ఎండగా ఉంది, నీళ్ల సీసా పట్టుకపో" అన్నాడు.

కలెక్టర్ కచేరి దాకా నడిచి వచ్చి, సాయంత్రం మళ్లీ చాట ముందు కూర్చుంది. ఆ రోజు కూలి పోయింది కదా, పూడ్చాలి. సమ్మె అంటే ఫ్యాక్టరీ మగవాళ్లకు పని ఆపడం. అమ్మకు మాత్రం రాత్రి పని.

ఫలితం ఏం వచ్చిందంటే వచ్చింది. రేటు కొంచెం కొంచెంగా పెరిగింది. కార్డులు వచ్చాయి. పిల్లలకు స్కాలర్‌షిప్పులు వచ్చాయి. అన్నిటికంటే పెద్దది ఇల్లు. సోలాపూర్ పక్కన కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరు మీద పదివేల ఇళ్లు కట్టారు, బీడీ కార్మికురాళ్ల కోసమే. 2006లో ఇచ్చారు. గోదూతాయి ఠాణే వైపు వారలీ ఆదివాసులను వెట్టి మీద తిరగబడేలా చేసిన మనిషి. ఆమె పేరు పెట్టడం నాకు నచ్చింది. ఆ ఇళ్ల సొసైటీలో సభ్యురాలు బీడీ చుట్టే ఆడమనిషే కాబట్టి ఇల్లు ఆమె పేరు మీదే.

మా చిన్నమ్మకు అక్కడ ఇల్లొచ్చింది. చిన్న ఇల్లే. మొదట్లో ఊరికి దూరమని, బస్సు లేదని ఒకటే గొణుగుడు. గృహప్రవేశానికి అందరం పోయాం. చిన్నాన్న మూలన కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ "నేను కిరాయిదారును, ఓనరమ్మ లోపలున్నది" అని చెప్తున్నాడు. వెటకారంగానే మొదలుపెట్టాడు. రెండేళ్లకు అదే మాట గొప్పగా చెప్పుకోవడం మొదలైంది. చిన్నమ్మలో వచ్చిన మార్పు ఇంకోటి. అంతకు ముందు ఇంట్లో గొడవైతే పుట్టింటికి వస్తానని ఏడ్చేది. ఆ ఇల్లు వచ్చాక గొడవైతే, "నువ్వే పో" అనేది.

బీడీ నిలబడాలని నేను కోరుకోను. అమ్మ దగ్గు నాకు తెలుసు. ఇల్లంతా తంబాకు ఘాటు, అన్నంలో కూడా అదే వాసన. చంటిపిల్లలు ఆ చాట పక్కనే నిద్రపోయేవాళ్లు. పొగాకు మీద పన్నులు, పెట్టెల మీద బొమ్మలు వచ్చి గిరాకీ తగ్గిందని, వారానికి కొన్ని రోజులే పని ఇస్తున్నారని మా వాళ్లు బాధపడుతుంటే నాకు ఏ పక్క మాట్లాడాలో తోచదు. విషమే, నిజమే. కానీ ఆ విషం చుట్టడం తప్ప వేరే పని చూపించకుండా తలుపు మూస్తే చాట ముందు కూర్చున్న మనిషి ఎక్కడికి పోవాలి?

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. చివర్లో పీఎఫ్ డబ్బు వచ్చింది, అఫిడవిట్ నేనే రాశాను. ఆ డబ్బుతో రెండు బంగారు గాజులు చేయించుకుంది. బాపు, "నాకేం తెస్తవు" అంటే, "మీకు మీ పగారు లేదా" అంది.

చిన్నమ్మ మనవరాలు బీడీలు ముట్టలేదు. సోలాపూర్ ఇప్పుడు బడి యూనిఫారాలకు పేరు పడింది కదా, అలాంటి ఒక చిన్న యూనిట్‌లో కుడుతుంది. అక్కడ మగవాళ్లూ ఆడవాళ్లూ ఒకే కప్పు కింద. కటింగ్ మాస్టర్లు మగవాళ్లు, వాళ్లకు ఎక్కువ. దారాలు కత్తిరించడం, గుండీలు, మడతలు ఆడవాళ్లవి, వాళ్లకు తక్కువ. పాత సమాన వేతన చట్టం ఇప్పుడు లేదు, 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ షరతు అదే, అదే పని లేదా అదే తరహా పని.

మొన్న ఫోన్ చేసింది. "పెద్దమ్మా, కటింగ్ టేబుల్ మీద నాక్కూడా నేర్పమని అడిగిన. సరేనన్నరు. కానీ ఏడాది దాకా హెల్పర్ రేటే అంటున్నరు."

"నీతోపాటు నేర్చుకునే మగపిల్లలు ఉన్నారా?"

"ఒకడున్నడు. పోయిన నెలలో వచ్చిండు."

"వాడికెంత ఇస్తున్నరో కనుక్కో. ఇద్దరి రేటూ కాగితం మీద రాయించు."

"వాణ్ని అడిగితే చెప్తడా?"

"టీ తాగించి అడుగు" అన్నాను.